కలహారి ఇసుకకు పాత డిఫెండర్ 300 టీడీఐ: కొనేముందు ఏం చూడాలి, బయల్దేరేముందు ఏం మార్చాలి?

ఎర్రనేల110:

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఒక ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 అమ్మకానికి ఉంది. 1997 మోడల్, 300 టీడీఐ టర్బో డీజిల్ ఇంజిన్, మీటరు మీద 2,80,000 కిలోమీటర్లు. ఛాసిస్, గేర్‌బాక్స్ బాగున్నాయి. నా ప్రశ్న ఇంజిన్ గురించే.

కనిపించినవి చెప్తాను. టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌తో పాటు వాల్వుల క్యామ్‌నూ డీజిల్ పంపునూ తిప్పే బెల్ట్) ఎప్పుడు మార్చారో కాగితం లేదు. 500 కిలోమీటర్లకు పావు లీటరు దాకా నీళ్లు తగ్గుతున్నాయి, కింద మడుగు లేదు, పవర్ స్టీరింగ్ పంపు వెనక తెల్లటి చార ఉంది. పొద్దున్నే పది సెకన్లు సెల్ఫ్ కొడితేగాని అందుకోదు, వేడెక్కాక వెంటనే అందుకుంటుంది. ఆయిల్ మూత తీస్తే సన్నగా పొగ వస్తుంది.

వాడకం: ఏప్రిల్లో సెంట్రల్ కలహారి ఎడారి, తర్వాత మక్గాడిక్‌గాడి ఉప్పు మైదానాలు. మనిషికి మనిషి కనపడని చోట్లు. ఈ ఇంజిన్‌ను నమ్మొచ్చా? నమ్మాలంటే ముందు డబ్బు ఎక్కడ పెట్టాలి?

---

స్పానర్30:

నమ్మొచ్చు. కానీ నీళ్ల సంగతి తేల్చకుండా బేరం ఖాయం చెయ్యకండి.

ఈ ఇంజిన్‌కు బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. 2495 సీసీ, నాలుగు సిలిండర్లు, వాల్వులను తోసే పుష్‌రాడ్లు, ఎనిమిది వాల్వులు, మెకానికల్ డీజిల్ పంపు. ఇంజిన్ నడవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. 111 హార్స్ పవర్, 1800 ఆర్‌పీఎమ్ దగ్గర 265 న్యూటన్ మీటర్ల టార్క్. బ్లాక్ ఎంత మోటు వాడకమైనా తట్టుకుంటుంది. హెడ్ మాత్రం నీళ్లు లేకుండా ఒక్కసారి కాగితే చాలు, వంగిపోతుంది. చచ్చిన 300 టీడీఐలు చూస్తే ఎక్కువ వాటికి కారణం రెండే: నీళ్లు పోవడం, టైమింగ్ బెల్ట్ తెగడం. బెల్ట్ గురించి తెలిసినవాళ్లు కింద రాస్తారు, నేను నీళ్ల వరకు చెప్తాను.

ఆ తెల్ల చార ఎక్కువగా పీ గ్యాస్కెట్‌ది. వాటర్ పంపు, పవర్ స్టీరింగ్ పంపు కూర్చునే అల్యూమినియం బ్రాకెట్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే కాగితపు గ్యాస్కెట్ అది, ఇంగ్లీషు పీ అక్షరం ఆకారంలో ఉంటుంది. సన్నగా కారుతుంది, వేడి బ్లాక్ మీదే ఆరిపోతుంది, అందుకే కింద మడుగు కనపడదు. గ్యాస్కెట్ ఖరీదు పెద్దది కాదు, పనే పెద్దది: ముందు బెల్ట్ (టైమింగ్ బెల్ట్ కాదు, బయట పంపులను తిప్పేది), పవర్ స్టీరింగ్ పంపు, ఆల్టర్నేటర్, వాటర్ పంపు అన్నీ విప్పాలి. అంతా విప్పాక పాత వాటర్ పంపునే మళ్లీ ఎక్కించకండి, కొత్తది వెయ్యండి. బ్రాకెట్ ముఖాన్ని గాజు పలక మీద పెట్టి చూడండి, తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా ఏడాదిలో కారుతుంది.

అయితే పీ గ్యాస్కెట్ అనుకుని ఆగిపోవద్దు. హెడ్ గ్యాస్కెట్ పోయినా నీళ్లు ఇలాగే తగ్గుతాయి. బండి రాత్రంతా చల్లారాక, పొద్దున స్టార్ట్ చెయ్యకముందు రేడియేటర్ పై హోస్ నొక్కండి. మెత్తగా ఉండాలి. రాత్రి గడిచినా గట్టిగా, గాలి నింపినట్టు ఉంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. తర్వాత ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మూత తీసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయండి. మొదటి నిమిషంలో నాలుగు బుడగలు వస్తే పర్వాలేదు, ఆగకుండా సన్న బుడగలు వస్తూనే ఉంటే అనుమానించాలి. రంగు మారే ద్రవంతో చేసే గ్యాస్ టెస్ట్ కిట్ దొరుకుతుంది, నీలం రంగు ఆకుపచ్చకో పసుపుకో మారితే హెడ్ విప్పాల్సిందే. అప్పుడు హెడ్‌ను ఫేసింగ్‌కు (ముఖం చదును చేయడానికి) పంపే ముందే పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ఈ ఇంజిన్‌కు హెడ్ గ్యాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉన్న రంధ్రాల సంఖ్య దాని గుర్తు. పిస్టన్ బ్లాక్ ముఖం కంటే ఎంత పైకి వస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి ఎంచుకోవాలి. కొలవకుండా షాపులో ఉన్నదేదో వేసేస్తారు, అక్కడ మాత్రం దగ్గర ఉండండి.

నీళ్లు నింపే పద్ధతి కూడా ముఖ్యం. ట్యాంకులో పోసి మూత పెట్టేస్తే హెడ్‌లో గాలి ఇరుక్కుంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఒక ప్లగ్, రేడియేటర్ పైన ఒక ప్లగ్ ఉంటాయి. రెండూ తీసి, థర్మోస్టాట్ వైపు నుంచి నెమ్మదిగా పోస్తూ పై హోస్‌ను పిసుకుతూ ఉండాలి. రేడియేటర్ రంధ్రంలో నీళ్లు పొంగగానే దాని ప్లగ్ పెట్టి, హౌసింగ్ అంచుదాకా నిండాక రెండోది పెట్టాలి. ఇంజిన్ వేడి చేసి, పూర్తిగా చల్లారాక మళ్లీ విప్పి చూసుకోవాలి. మొత్తం పట్టేది సుమారు 11 లీటర్లు, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్. ఆ ప్లాస్టిక్ ప్లగ్గులు ఎండకు పెళుసెక్కి అడవిలోనే విరుగుతాయి. ఇత్తడివి వెయ్యండి.

డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లును నమ్మకండి. దాని సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు పోయాక అది ఖాళీలో వేలాడుతుంటుంది, ముల్లు మామూలుగానే ఉంటుంది, ఈలోపు హెడ్ పోతుంది. నీటి మట్టం తగ్గితే మోగే అలారం ఒకటి, హెడ్ లోహం వేడిని నేరుగా కొలిచే గేజ్ ఒకటి పెట్టించండి. ఎక్స్‌ట్రా లైట్లు, వించ్ కంటే ముందు ఇవి.

---

పంపుబెంచ్:

పొద్దున స్టార్టింగ్ గురించి నేను చెప్తాను. మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఒక్క పని చేయండి: సెల్ఫ్ కొడుతుండగా ఎవరినైనా సైలెన్సర్ గొట్టం వైపు చూడమనండి.

తెల్ల పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, అంటుకోవడం లేదు. అంటే చల్లటి సిలిండర్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గులు. అసలు పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు, లైన్లో గాలి ఉంది. ఈ తేడా తెలియకుండా పంపు విప్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, దండగ ఖర్చు.

హీటర్ ప్లగ్గులు నాలుగు. వైరు తీసి ఒక్కోదాన్ని మల్టీమీటర్‌తో ఎర్త్‌కు చూడండి. బాగున్నది ఒక ఓమ్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది, పోయినది ఏమీ చూపించదు. నాలుగూ బాగుంటే తాళం తిప్పిన మొదటి కొన్ని సెకన్లు వాటికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి, రాకపోతే రిలే. ఒకటి పోతే నాలుగూ మార్చండి. తీసేటప్పుడు ఇంజిన్ వెచ్చగా ఉండాలి, చల్లటి హెడ్‌లో మొండిగా తిప్పితే ప్లగ్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది.

గాలి అయితే, ఫిల్టర్ నుంచి పంపుకు వచ్చే పైపులో ఒక జానెడు పారదర్శక హోస్ మధ్యలో వేసి స్టార్ట్ చేయండి, బుడగలు కళ్లకే కనపడతాయి. మొదటి నేరస్థులు డీజిల్ చిమ్మే నాజిళ్ల మీద ఉండే గుడ్డ అల్లిక రిటర్న్ పైపులు. పాతబడితే చెమర్చుతాయి, రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోతుంది. మీటరు పైపు కొని అన్నీ ఒకేసారి మార్చండి. తర్వాత ఫిల్టర్ హెడ్ వాషర్లు. ఆ తర్వాతే పంపు.

ఎయిర్ తీసేటప్పుడు ఒక చిక్కు ఉంటుంది. బ్లాక్ పక్కన ఉన్న లిఫ్ట్ పంపు మీటను చేత్తో ఎంత ఆడించినా ఒక్కోసారి డీజిల్ రాదు. పంపు పోయిందని కాదు, క్యామ్ మిట్ట దాని మీద ఆగి ఉంది. ఇంజిన్‌ను కాస్త తిప్పి మళ్లీ ఆడించండి, వస్తుంది.

ఆ లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ నేరుగా ఛాంబర్‌లోకి, అంటే ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరగడం, ఆయిల్ నీళ్లలా పలచబడి డీజిల్ వాసన రావడం దీని గుర్తులు. ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే సంతోషిస్తారు. పెరగడం ఇంకా ప్రమాదం, బేరింగులు పోతాయి.

మీ బండిలో ఉన్నది బాష్ వీఈ రకం రోటరీ పంపు. మన దేశంలో హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా పాత డీజిల్ పంపు లాబ్‌లకు ఈ రకం కొత్త కాదు, సీల్ కిట్ మామూలు పని. యాక్సిలరేటర్ షాఫ్ట్ దగ్గర తడి ఉందా చూడండి, ఉంటే సీళ్లు అయిపోయాయి. పంపు మీద ఒక్క వైరుతో ఉండే స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో డీజిల్‌ను తెరిచి మూసేది) అడవిలో పోతే ఇంజిన్ అసలు అంటుకోదు. బ్యాటరీ నుంచి విడి వైరుతో దానికి 12 వోల్టులు ఇవ్వండి, 'టక్' మని చప్పుడొస్తే సోలినాయిడ్ బాగుంది, వైరింగో ఇమ్మొబిలైజరో (దొంగల నుంచి కాపాడే ఎలక్ట్రానిక్ తాళం) అడ్డుపడుతోంది. చప్పుడు రాకపోతే సోలినాయిడ్ విప్పి, లోపలి పిన్నూ స్ప్రింగూ తీసేసి, ఖాళీ సోలినాయిడ్‌ను మళ్లీ బిగిస్తే ఇంజిన్ నడుస్తుంది. ఆపాలంటే మాత్రం గేర్‌లో బ్రేక్ తొక్కి క్లచ్ వదలాలి.

ట్యాంక్ దగ్గర ఛాసిస్‌కు సెడిమెంటర్ ఉంటుంది. డ్రమ్ముల్లో అమ్మే డీజిల్ పోయించుకున్న ప్రతిసారీ దాని కింది ప్లగ్ వదులు చేసి, నీళ్లూ మడ్డీ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు.

---

ఎర్రనేల110:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సెల్ఫ్ కొడుతుంటే తెల్ల పొగ వస్తోంది, హోస్ పొద్దున మెత్తగానే ఉంది. బెల్ట్ గురించి ఒక సందేహం: కంపెనీ లెక్క 72,000 మైళ్లు, అంటే దాదాపు 1,16,000 కిలోమీటర్లు కదా? అమ్మేవాళ్లు 'మధ్యలో ఎప్పుడో వేశాం, ఇంకా చాలా ఉంది' అంటున్నారు. ఇంకోటి, పంపు మీద స్క్రూ తిప్పితే పికప్ పెరుగుతుందని ఇక్కడ ఒక మెకానిక్ అంటున్నారు. చేయించమంటారా?

---

గేరుమార్చు:

కాగితం లేని బెల్ట్‌ను లేని బెల్ట్‌గానే లెక్కెయ్యండి అన్నా. ఆ 72,000 మైళ్లు తారురోడ్డు మీద నడిచే బండికి. దుమ్ము, వేడి, బరువు ఉన్నచోట అదే కంపెనీ దాన్ని సగం చేసింది: 36,000 మైళ్లు, అంటే దాదాపు 58,000 కిలోమీటర్లు. కలహారి ఆ రెండో లెక్కలోకే వస్తుంది. బండి నడవకపోయినా మూడేళ్లకోసారి మార్చాలి.

తెగితే ఏమవుతుందంటే, పిస్టన్లు వాల్వులను కొడతాయి. చాలాసార్లు పుష్‌రాడ్లు ముందు వంగి మిగతావాటిని కాపాడతాయి. స్పీడు మీద తెగితే మాత్రం రోలర్ ఫాలోయర్ల (క్యామ్ మీద దొర్లుతూ పుష్‌రాడ్లను తోసే ముక్కల) దాకా పోతుంది, హెడ్ విప్పకుండా ఆ పని కాదు.

ఈ ఇంజిన్ మొదటి బండ్లకు ఇంకో లోపం ఉంది. క్రాంక్ పుల్లీ, పంపు పుల్లీ ఒకే వరుసలో కుదరక బెల్ట్ ఒక పక్కకు జరిగి అంచు రాపిడికి పీచులు లేస్తుంది. తర్వాత మార్చిన పుల్లీలతో కిట్ వచ్చింది. మీ బండికి ఆ పని జరిగిందో లేదో కొనకముందే కొంత కనిపెట్టొచ్చు: టైమింగ్ కవర్ అడుగున ఉండే రంధ్రంలో వేలు పెట్టి చూడండి. నల్లటి రబ్బరు పొడి, నూలు పీచు వస్తే బెల్ట్ తినేస్తోంది. నూనె జిడ్డు వస్తే లోపలి సీలు కారుతోంది, నూనె తాగిన బెల్ట్ కూడా ఎక్కువ రోజులుండదు.

ఆ రంధ్రానికి వేడింగ్ ప్లగ్ (నీళ్లు లోపలికి రాకుండా బిగించేది) ఉంటుంది, క్లచ్ హౌసింగ్ కింద ఇంకోటి. లోతు నీళ్లలోకి, బురదలోకి దిగేముందు రెండూ బిగించాలి, బయటికొచ్చాక తియ్యాలి. ఎప్పుడూ బిగించే ఉంచితే కారిన నూనె లోపలే నిలిచి బెల్ట్‌నూ క్లచ్‌నూ తడుపుతుంది.

మార్చేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి ఈ నాలుగు చూడండి. ఫ్లైవీల్‌ను పిన్నుతో లాక్ చేశాడా. పంపు పుల్లీలో 9.5 మి.మీ. పిన్ను దూర్చాడా (ఆ సైజు డ్రిల్ బిట్ వెనక భాగం సరిపోతుంది). క్యామ్ పుల్లీ గుర్తు, క్రాంక్ కీ వాటి వాటి బాణాలకు ఎదురుగా ఉన్నాయా. పంపు పుల్లీ మూడు బోల్టులు వదులు చేశాకే బెల్ట్ బిగువు పెట్టాడా. పుల్లీ మధ్యలో ఉన్న పెద్ద నట్టును మాత్రం ముట్టుకోనివ్వకండి, అది కదిలితే పంపు టైమింగ్ మొత్తం పోతుంది, పంపు లాబ్ టెస్ట్ బెంచ్ మీదికి పంపాల్సిందే.

బిగువు అందాజాగా పెడతారు, అక్కడే చెడుతుంది. టెన్షనర్‌కు ఉన్న చదరపు రంధ్రంలో చిన్న టార్క్ రెంచి పెట్టి, కొత్త బెల్ట్‌కు 14 నుంచి 16 న్యూటన్ మీటర్లు పట్టి ఉంచి, ఆ స్థితిలోనే టెన్షనర్ బోల్టు 45కు బిగించాలి. వీల్ నట్లు బిగించే పెద్ద రెంచి ఇంత తక్కువ కొలవలేదు, చిన్నది అద్దెకైనా తెచ్చుకోండి. తర్వాత పంపు పుల్లీ బోల్టులు 25కు బిగించి, పిన్నులన్నీ తీసి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ పెట్టి, బిగువు మళ్లీ మొదట్నుంచి పెట్టాలి. ఈ రెండోసారి ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. క్రాంక్ పుల్లీ బోల్టు 80 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. టెన్షనర్, ఐడ్లర్, క్రాంక్ సీలు, క్యామ్ సీలు అదే పనిలో మార్పించండి. వాటర్ పంపు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి రెండు పనులూ ఒకే రోజు పెట్టుకుంటే కూలి కలిసొస్తుంది.

ట్యాపెట్లు (వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు): చల్లటి ఇంజిన్ మీద ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.20 మి.మీ. తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: 8వ వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 1వది, 6 తెరిచినప్పుడు 3, 4 తెరిచినప్పుడు 5, ఇలా రెండూ కలిపితే 9 రావాలి. వాల్వు కాడల మీద చిన్న టోపీలుంటాయి. రాకర్ షాఫ్ట్ తీస్తే వాటిని ముందు ఏరి పక్కన పెట్టుకుని, పుష్‌రాడ్ రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. ఒక్కటి లోపల పడితే ఛాంబర్ విప్పాలి.

---

పంపుబెంచ్:

తెల్ల పొగ అంటే హీటర్ ప్లగ్గులే, వాటితో మొదలుపెట్టండి.

స్క్రూ సంగతి: తిప్పించకండి. డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఇసుకలో రెండో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ మీద గంటసేపు లాగే బండికి అదే హెడ్‌కు చావు. టర్బోకు ముందు టెంపరేచర్ గేజ్ పెట్టుకుని, 700 డిగ్రీలు దాటకుండా నడిపేవాళ్లకు మాత్రమే ఆ ముచ్చట. పికప్ లేదనిపిస్తే ముందు ఇంటర్‌కూలర్ హోసులు చూడండి. క్లిప్ కింద సన్నటి చీలిక ఉన్నా బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పోయి నల్ల పొగ వస్తుంది. ఈ టర్బో ఇవ్వాల్సింది 0.8 నుంచి 1 బార్. యాక్సిలరేటర్ కేబుల్ పూర్తిగా లాగుతోందా లేదా కూడా చూడండి, నవ్వకండి, సగం 'పికప్ లేదు' కేసులు అక్కడే తేలతాయి.

---

స్పానర్30:

ఆయిల్ మూత దగ్గర పొగ గురించి ఎవరూ రాయలేదు. ఈ వయసుకు సన్నటి పొగ మామూలే. మూతను తిరగేసి రంధ్రం మీద వదులుగా పెట్టండి. ఐడిల్‌లో అది కొద్దిగా ఆడితే సరే, ఎగిరి పడితే రింగులు అరిగాయి. తేల్చేముందు రాకర్ కవర్ పక్కన ఉండే గుండ్రటి బ్రీతర్ డబ్బా విప్పి కిరసనాయిల్‌లో నానబెట్టి, గిలకొట్టి, ఆరబెట్టి పెట్టండి. అది మూసుకుపోతే గాలి బయటకు పోలేక క్రాంక్ సీలు దగ్గర నూనె చిమ్ముతుంది, ఇంకొంత ఇంటర్‌కూలర్‌లో చేరుతుంది. వేడెక్కిన ఇంజిన్ 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆయిల్ ప్రెషర్ 25 నుంచి 55 పీఎస్ఐ మధ్య ఉండాలి, అమ్మేవాళ్ల దగ్గర గేజ్ పెట్టి చూసుకోండి.

ఆయిల్ 15డబ్ల్యూ-40 డీజిల్ రకం, 5.8 లీటర్లు, ఫిల్టర్‌కు ఇంకో 0.85. పుస్తకంలో 10,000 కిలోమీటర్లు, ఇసుకలో 5,000కు మార్చండి. ఆయిల్ కూలర్ పైపులు విప్పితే రేడియేటర్ వైపు ముక్కును ఒక స్పానర్‌తో పట్టుకుని రెండోదానితో నట్టు తిప్పండి. లేకపోతే అల్యూమినియం మర ఊడి రేడియేటర్ పోతుంది.

ఇక ఏప్రిల్ అన్నారు. వానలు వెళ్లిన కొత్తలో సెంట్రల్ కలహారిలోని డిసెప్షన్ వ్యాలీ వైపు దారి మధ్య గడ్డి నడుమెత్తు ఉంటుంది. గడ్డి గింజలు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుని గాలి ఆపేస్తాయి, నీళ్లు నిండా ఉన్నా ఇంజిన్ కాగుతుంది. గ్రిల్ ముందు సన్న దోమతెర లాంటి వల కట్టండి, గంటకోసారి దిగి దులపండి. ఇంటర్‌కూలర్, రేడియేటర్ పక్కపక్కనే ఉంటాయి, రెండూ చూడాలి. అదే గడ్డి ఎగ్జాస్ట్ గొట్టం మీద, ఛాసిస్ సందుల్లో పేరుకుని అంటుకుంటుంది. బండ్లు అలాగే కాలిపోతాయి. ఆగిన ప్రతిసారీ కింద దూరి పీకెయ్యండి, అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట ఉంచండి.

టైర్లలో గాలి 1.2 నుంచి 1.4 బార్‌కు తగ్గించండి. ఇది టైర్ల కోసమే అనుకుంటారు, కానీ ఇసుకలో బండి తేలిగ్గా కదిలితే ఇంజిన్ మీద భారం బాగా తగ్గినట్టే. హెడ్ గేజ్ పెట్టాక ముల్లు ఎప్పుడు ఎంత ఉంటుందో చల్లటి రోజున తారురోడ్డు మీద ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే అడవిలో ఆ అంకె ఎక్కువో తక్కువో తెలియదు.

---

ఎర్రనేల110:

బేరంలో బెల్ట్ కిట్, వాటర్ పంపు, పీ గ్యాస్కెట్, హీటర్ ప్లగ్గుల ఖర్చు తగ్గించమని అడుగుతాను. గ్యాస్ టెస్ట్ శనివారం చేయిస్తున్నాను. వెంట ఏ స్పేర్లు మోసుకెళ్లాలి? జాగా తక్కువ.

---

గేరుమార్చు:

పై హోస్, కింది హోస్, ముందు బెల్ట్, డీజిల్ ఫిల్టర్లు రెండు, లిఫ్ట్ పంపు, స్టాప్ సోలినాయిడ్, రెండు మీటర్ల రిటర్న్ పైపు, రాకర్ కవర్ గ్యాస్కెట్, నాలుగు పుష్‌రాడ్లు, కూలెంట్ 5 లీటర్లు, ఆయిల్ 5 లీటర్లు. పాత టైమింగ్ బెల్ట్ దాచుకోవద్దు, ఇంకో కొత్తది సీలు విప్పకుండా, మడవకుండా పెట్టుకోండి. మడిస్తే లోపలి దారాలు విరుగుతాయి.

పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ బోల్టులకు థ్రెడ్ లాక్ వేసి బిగించమని శనివారమే చెప్పండి. అవి వదులై ఊడితే ముందు బెల్ట్ పోతుంది, దాంతోపాటే వాటర్ పంపు ఆగిపోతుంది.